మాట పడిపోయిన మనిషికి, మరుపు ముదిరిన మనిషికి ఇంట్లో సాధన ఎలా చేయించాలి

పక్షవాతం వచ్చిన మనిషిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాక శ్రీకాకుళం, విజయనగరం వైపు ప్రతి ఇంట్లో అడిగే ప్రశ్న ఒకటే: "చెయ్యీ కాలూ కాస్త ఆడుతున్నాయి గానీ మాట రావట్లేదు, ఏటి చెయ్యాల?" పెద్దవాళ్లకి మరుపు ముదిరిన ఇళ్లలో అడిగేది ఇంకోటి: "అడిగిందే అడుగుతోంది, ఏ మందేస్తే తగ్గుద్ది?"

మాటని తిరిగి తెప్పించే బిళ్ల లేదు. కాలికి వ్యాయామం చేయించినట్టే మాటకీ రోజూ చేయించే పని ఉంది. ఇంట్లోవాళ్లు నేర్చుకుని చేయించగలిగిన పనే. చాలా ఇళ్లలో తప్పు జరిగేది సాధనలో కాదు, అంతకు ముందే. ఏది చెడిందో తేల్చుకోకుండా మొదలుపెట్టేస్తారు. ఎదుటివాళ్ల మాటే అర్థంకాని మనిషి చేత "అమ్మ అను, అత్త అను" అని పలికిస్తారు. మాటే గుర్తురాని మనిషికి పలకా బలపం ఇచ్చి "నోటితో రాకపోతే రాసి చూపించు" అంటారు. మెదడు తనంతట తాను కోలుకునే వేగం మొదటి 3 నెలల్లో బాగా ఎక్కువ. ఆ కాలమంతా ఇలాంటి పనుల్లో పోతుంది. అలాగని ఏడాది దాటినవాళ్లు ఆశ వదులుకోనక్కర్లేదు. ఏళ్లు గడిచాక కూడా సాధనతో మాటలు పెరుగుతాయి, కాకపోతే నెమ్మదిగా.

ముందుగా: ఇంట్లో కూర్చోకూడని సందర్భాలు

మాట ఉన్నట్టుండి ముద్దగా వచ్చినా, తికమకగా వచ్చినా, అసలు ఆగిపోయినా, మూతి ఒక పక్కకి పోయినా, ఎత్తిన చెయ్యి జారిపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. మనిషి ఆఖరుసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో కాగితం మీద రాసుకోండి. డాక్టరు మొదట అడిగేది అదే. రక్తం గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఆ సమయం నుంచి 4.5 గంటల్లోపే ఇవ్వాలి, అదీ సీటీ స్కాన్ తీశాకే. పెద్ద గడ్డని తీగతో బయటికి లాగే చికిత్స కొందరికి 24 గంటల దాకా పనికొస్తుంది. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం రావడానికే రెండు గంటలు పోతాయి. అందుకని బయల్దేరేటప్పుడే ఫోన్‌లో "స్కాన్ ఉందా, ఆ ఇంజెక్షన్ ఇస్తారా" అని అడిగి నేరుగా అక్కడికే వెళ్లండి. మధ్యలో రెండు ఆసుపత్రులు తిరిగితే సమయం దాటిపోతుంది.

దారిలో నీళ్లు, కాఫీ, పసరు, ఆస్పిరిన్ ఏదీ నోట్లో వేయొద్దు. గడ్డకట్టిందో, రక్తనాళం చిట్లి రక్తం కారిందో స్కాన్ లేకుండా ఎవరూ చెప్పలేరు. రెండోదైతే ఆస్పిరిన్ హాని చేస్తుంది. పైగా మింగడం దెబ్బతిని ఉంటే వేసినది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పది నిమిషాల్లో మాట తిరిగొచ్చినా అదే రోజు చూపించాలి. పెద్ద పక్షవాతానికి ముందు అలా ఒకసారి వచ్చి పోవడం మామూలే.

మరుపు మెల్లగా పెరుగుతూ ఉన్న మనిషి రెండు మూడు రోజుల్లోనే పొంతనలేకుండా మాట్లాడినా, మగతలోకి జారినా దాన్ని మరుపు లెక్కలో వేయకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం, షుగర్ పడిపోవడం, కొత్తగా వేసిన మందు, చాలాసార్లు వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. కొన్ని వారాల కిందట చిన్నగా పడి తలకి దెబ్బ తగిలి ఉంటే మెదడు పైపొర కింద రక్తం నెమ్మదిగా చేరి ఉండొచ్చు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపువాళ్లకి ఇంకో మాట. కిడ్నీ దెబ్బతిన్న మనిషికి పక్షవాతం తర్వాత బిగుసుకున్న కండరాల కోసం బాక్లోఫెన్, నరాల నొప్పికి గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ రాస్తుంటారు. ఇవి కిడ్నీ ద్వారానే బయటికి పోవాలి. పోక ఒంట్లో పేరుకుంటే మనిషి మత్తుగా, అయోమయంగా అయిపోతాడు. మందులు రాసే డాక్టరుకి కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు మీరే ముందు చూపించండి.

కావలసినవి

200 పేజీల పొడుగు నోటుబుక్కు. కెమెరా ఉన్న ఫోను. ఇంట్లో రోజూ వాడే వస్తువులు ఓ 40. రెండు అట్టముక్కలు. సెకన్ల ముల్లు ఉన్న గడియారం. మనిషి మామూలుగా పెట్టుకునే కళ్లజోడు, కట్టుడు పళ్లు, చెవి మిషను. చెవిలో గుబిలి నిండి వినపడని మనిషికి "అర్థం కావట్లేదు" అని ముద్ర వేసేస్తుంటారు, చెవి ముందు చూపించండి. సాధన చేయించే మనిషి ఒక్కరే ఉండాలి. టీవీ ఆపాలి. పొద్దున్న అంబలో టిఫినో అయ్యాక 20 నిమిషాలు, మధ్యాహ్నం నిద్రలేచాక ఇంకో 20. సాయంత్రానికి మెదడు అలిసిపోయి ఉంటుంది, అప్పుడు చేయిస్తే పొద్దున వచ్చిన మాట కూడా రాదు.

ఏదైనా తినిపించేటప్పుడు మనిషిని నిటారుగా కూర్చోబెట్టండి, తిన్నాక అరగంట పడుకోనివ్వకండి. నీళ్లు తాగగానే దగ్గు వచ్చినా, గొంతు తడిగా గుడగుడమన్నా పల్చటి ద్రవాలు ఆపి డాక్టరుకి చెప్పండి.

1. ఏది పోయిందో తేల్చుకోండి

ఒక పూట పని. ఫలితాలు నోటుబుక్కు మొదటి పేజీలో తారీఖుతో రాయండి.

అర్థం చేసుకోవడం: ఎదురుగా కూర్చుని చేత్తో గానీ కళ్లతో గానీ సైగ చేయకుండా చెప్పండి. "కళ్లు మూసుకో." "కిటికీ చూపించు." "దువ్వెన తీసి చెంబులో పెట్టు." "గ్లాసు చెంబు పక్కన పెట్టు, లోపల కాదు." ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. "కిటికీ" అంటూ మన కళ్లు కిటికీ వైపు తిరుగుతాయి, ఆయన మన చూపు పట్టుకుని చూపిస్తాడు, "నాన్నకి అన్నీ అర్థమవుతున్నాయి" అనుకుంటాం. గోడ వైపు చూస్తూ అడగండి. మొదటి రెండూ చేసి చివరిది చేయలేకపోతే పొడుగు మాటలు అందడం లేదన్నమాట. ఇకనుంచి ఒక్కో వాక్యంలో ఒక్కో సంగతే చెప్పండి.

పేరు చెప్పడం: పది వస్తువులు ఒక్కొక్కటే చూపించి "ఇదేటి?" అని అడగండి. పది సెకన్లు ఆగండి.

తిరిగి పలకడం: "నీళ్లు", "చెరువు", "ఆదివారం సంతకెళ్లాం".

జ్ఞాపకం: మాట లేని మనిషిని "పొద్దున ఏం తిన్నావు" అని అడిగితే తేలేది ఏమీ లేదు. ఇలా చేయండి. ఆయన చూస్తుండగానే తాళంచెవి దిండు కింద, కళ్లజోడు డబ్బాలో, వక్కపొడి పొట్లం గూట్లో దాచండి. పది నిమిషాలు వేరే సంగతులు మాట్లాడండి. తర్వాత తెమ్మనండి, నడవలేకపోతే చూపించమనండి. మూడూ చూపిస్తే జ్ఞాపకం బాగానే ఉంది, చెడింది మాటే.

ఇప్పుడు ఫలితం చదువుకోవడం.

మాట ముద్దగా ఉంది, కానీ పదాలు సరైనవే, వాక్యం సరైనదే, చెప్పింది అర్థమవుతోంది, ఎడమ చేత్తోనైనా రాస్తాడు: ఇది నోటి కండరాల బలహీనత. ఇలాంటివారికి అక్షరాల చార్టు పనికొస్తుంది, వేలితో చూపిస్తూ మాట కూడతాడు.

అర్థమవుతోంది, కానీ ఒక్కో ముక్కా కష్టపడి వస్తోంది, "నీళ్లు... నీళ్లు... అమ్మ" అంటూ ఆగిపోతున్నాడు: మెదడు ఎడమ ముందు భాగం దెబ్బతింటే ఇలా అవుతుంది. పాల్ బ్రోకా అనే ఫ్రెంచి వైద్యుడు 1861లో వివరించినది. కుడి చెయ్యి కూడా పడిపోవడం దీనితో సర్వసాధారణం. ఈ మనిషికి తన మాట రావట్లేదని తెలుసు, అందుకే ఏడుస్తాడు, కోపం తెచ్చుకుంటాడు. కింద 4వ భాగం, 5వ భాగం ఈయనకే.

గడగడా మాట్లాడుతున్నాడు, రాగం కూడా మామూలుగానే ఉంది, కానీ అర్థం లేదు, మధ్యలో లేని పదాలు, మనం చెప్పింది ఎక్కడం లేదు: 1874లో కార్ల్ వెర్నికే అనే జర్మన్ వైద్యుడు వివరించిన రకం. చెయ్యీ కాలూ బాగుండటంతో ఇది పక్షవాతమని ఇంట్లో తోచదు, గాలి సోకిందనో మతి చెడిందనో ఊళ్లో అనేస్తారు. తను తప్పు మాట్లాడుతున్నట్టు ఆయనకే తెలియదు. పలికించే సాధన ఈయనకి పెట్టకండి. 2, 3 భాగాలు చాలు, బొమ్మ చూపించి వినిపించడమే పని.

పక్షవాతం ఏమీ లేకుండా ఏడాది రెండేళ్లుగా పదాలు ఒక్కొక్కటే జారిపోతున్నాయి, దారులూ డబ్బులెక్కా మాత్రం బాగానే ఉన్నాయి: ఇది మెదడులో మాటకి సంబంధించిన భాగంలో మొదలయ్యే డిమెన్షియా, అంటే మరుపు జబ్బు కావచ్చు. న్యూరాలజిస్టుకి చూపించి ఎంఆర్ఐ తీయించాలి. వస్తువు పేరే కాదు, దాన్ని ఎలా వాడాలో కూడా మరిచిపోతే, అంటే దువ్వెనతో పళ్లు తోమబోతే, తప్పకుండా చెప్పండి. డాక్టరుకి అదొక ముఖ్యమైన గుర్తు.

ఎడమ పక్క పడిపోయినవారికి సాధారణంగా మాట నిలుస్తుంది. కానీ కంచంలో ఎడమ సగం అన్నం అలాగే వదిలేస్తుంటే ఆ పక్కని గమనించడం పోయిందన్నమాట. పుస్తకం, వస్తువులు కుడి వైపు పెట్టండి.

2. "అవును", "కాదు" కుదుర్చుకోండి

ఇది కుదరకుండా ముందుకు పోవద్దు. మాట దెబ్బతిన్నవాళ్లు "కాదు" అనబోయి "ఆఁ" అనేస్తారు. ఊఁ, ఊహూ రెండూ ముద్ద నోట్లో ఒకేలా వినపడతాయి. మన తల ఊపుడు సంగతి సరేసరి, అడ్డంగా ఊపాడో నిలువుగా ఊపాడో మనకే తేలదు. అందుకని ఒక అట్టముక్క మీద పచ్చ టిక్కు, ఇంకోదాని మీద ఎర్ర ఇంటూ వేసి ఆయన బాగున్న చేతి దగ్గర పెట్టండి. నోటితో ఏమన్నా సరే, అట్ట ముట్టిందే జవాబు.

పరీక్ష ఇలా: జవాబు మీకు తెలిసిన పది ప్రశ్నలు, ఐదు అవును, ఐదు కాదు, కలగాపులగంగా. "ఇది రాత్రా?" "మన ఊరు బొబ్బిలా?" "నీకు ఇద్దరు కొడుకులా?" ఊరికే ముట్టినా ఐదు కలుస్తాయి. కనీసం తొమ్మిది కలిస్తేనే నమ్మండి. అంతకు తక్కువైతే ముఖ్యమైన ఏ సంగతైనా రెండు వైపులా అడగండి: "నొప్పి ఉందా?" కాసేపాగి "నొప్పి లేదా?" రెండింటికీ ఒకే అట్ట ముడితే జవాబు లేనట్టే, ఇంకోలా కనుక్కోండి.

ఈ పరీక్ష దాటని మనిషి చేత పొలం కాగితాల మీదా బ్యాంకు కాగితాల మీదా వేలిముద్ర వేయించకండి. తర్వాత అన్నదమ్ముల మధ్య కోర్టుకెక్కే తగువులు చాలావరకు ఇక్కడే పుడతాయి.

3. మాట పుస్తకం తయారుచేయండి

పేజీకి ఆరు ఫోటోలకి మించొద్దు. ముప్పై బొమ్మలు కుక్కితే వెతకడమే పెద్ద పరీక్ష అవుతుంది. ఇంటర్నెట్టులో దొరికే బొమ్మలు వద్దు. మీ ఇంటి చెంబు, మీ ఇంటి మంచం, ఆయన కట్టుకునే గావంచా ఫోటో తీసి రంగుల్లో ప్రింటు వేయించండి. కింద పెద్ద అక్షరాల్లో ఒకే ఒక్క మాట రాయండి.

మొదటి పేజీ ఒంటిది: ఒళ్లంతా ఉన్న బొమ్మ, నొప్పి ఎక్కడో ముట్టడానికి. పక్కన దాహం, ఆకలి, ఒకటికి, రెండుకి, చలి, పడుకుంటా. రెండో పేజీ మనుషులు: ఒక్కొక్కరి మొహం విడిగా. పెళ్లి గ్రూపు ఫోటో పనికిరాదు. కింద ఆయన పిలిచే పిలుపే రాయండి. ఆయన "అప్ప" అని పిలిచే అక్కకి రేషను కార్డులో పేరు రాస్తే ఆయనకి తగలదు. తర్వాత తిండి: చోడి అంబలి, గంజి, చేపల పులుసు, టీ. తర్వాత చోట్లు: మీ వీధి గుడి, సంత, పొలం, బస్సుల కాంప్లెక్స్, వెళ్లే ఆసుపత్రి. శ్రీకాకుళం వాళ్లయితే ఏడురోడ్ల జంక్షన్, అరసవల్లి గుడి. విజయనగరం వాళ్లయితే గంటస్తంభం, మూడులాంతర్లు, పైడితల్లమ్మ గుడి. చివర క్యాలెండరు, గడియారం, నోట్ల బొమ్మలు.

పుస్తకం తయారుచేసి గూట్లో పెట్టేస్తే లాభం లేదు. ముందు మీరు వాడాలి. "టీ తాగుతావా?" అంటూ టీ ఫోటో మీద వేలు పెట్టండి. మీరు పది రోజులు వాడితే అప్పుడు ఆయన వేలు కదులుతుంది.

4. మాట అందించడం

సాధనలో అసలు పని ఇదే. మొదట పది మాటలు ఎంచుకోండి. పిల్లల పుస్తకంలో మాటలు కాదు, ఆయనకి కావలసినవి: ఆరు పేర్లు, నాలుగు పనులు. పనులు తప్పకుండా ఉండాలి, "తాగాల", "ఎల్దాం", "ఇప్పు", "ఒద్దు" వంటివి. ముక్కలు ముక్కలుగా మాట్లాడేవాళ్లకి ముందు జారిపోయేవి క్రియలే. మీ ఇంట్లో ఎలా అంటారో అలాగే పలికించండి, పాఠం తెలుగు వద్దు. సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడేవారు ఒడియాలోనే మొదలుపెట్టండి. రెండు భాషలవాళ్లకి ఒకటి ముందు, ఒకటి వెనక రావడం మామూలే. రెండోది మానేయమని ఒత్తిడి చేయకండి.

దువ్వెన ఉదాహరణ చూడండి. ఒక్కో మెట్టూ దిగుతూ వెళ్లాలి, మాట వచ్చిన చోట ఆగాలి.

మెట్టు 0: దువ్వెన చేతికిచ్చి "ఇదేటి?" అని ఊరుకోండి. మనసులో పది లెక్కపెట్టండి. ఈ పది సెకన్లు ఇంట్లోవాళ్లకి గంటలా ఉంటుంది, మూడో సెకనుకే అందించేస్తారు. అందించొద్దు.

మెట్టు 1: వాడకం. తల మీద దువ్వినట్టు చేసి "దీంతో ఏం చేస్తాం?"

మెట్టు 2: వాక్యం. "జుట్టు చిక్కుపడింది, తీసుకురా ఆ..." అని ఆపండి.

మెట్టు 3: మొదటి శబ్దం. ఆయన మీ పెదాలు చూస్తుండగా "దు..." అనండి. "ద గుణింతం ఏంటి" అని అడిగితే అది బడి పరీక్ష, మాట రాదు.

మెట్టు 4: "దువ్వె..."

మెట్టు 5: పూర్తి మాట మీరే అనండి, ఇద్దరూ కలిసి అనండి, తర్వాత ఆయన ఒక్కడూ.

ఏ మెట్టులో వచ్చినా అక్కడితో వదిలేయకండి. ఐదు సెకన్లాగి మళ్లీ అడగండి. ఇంకో వస్తువు చేయించి మళ్లీ దీనికి రండి. ఆఖర్న నిజంగా తల దువ్వుకునే వేళ అడగండి. నోటుబుక్కులో మాట పక్కన మెట్టు అంకె వేయండి. ఆ అంకె 5 నుంచి 3కి దిగినా సాధన పనిచేస్తున్నట్టే, ఆయన ఇంకా సొంతంగా అనలేకపోతున్నా సరే.

దువ్వెన చూసి "జుట్టు" అంటే తప్పనొద్దు. "ఆఁ, జుట్టుకే, దు..." అని దారిలో పెట్టండి. పక్క మాట వచ్చిందంటే అసలు మాట దగ్గర్లోనే ఉన్నట్టు. ఒకే మాట ఇరుక్కుపోయి, చెంబు చూపించినా గ్లాసు చూపించినా "దువ్వెన" అంటుంటే ఇంకా గట్టిగా అడగడం పెద్ద పొరపాటు. వస్తువులన్నీ గుడ్డ కప్పేయండి, అర నిమిషం మౌనంగా ఉండండి, పూర్తిగా వేరే రకంది తీయండి. వస్తువు కాకుండా మనిషి ఫోటో అయితే మంచిది.

గట్టిగా అరవడం ఎందుకూ పనికిరాదు. చెడింది చెవి కాదు. చుట్టాలు వచ్చి మంచం చుట్టూ నిలబడి "నేనెవరో చెప్పు, చెప్పు" అని ఒకరి తర్వాత ఒకరు అడగడం అంతకన్నా చెడ్డది. గుమ్మం దగ్గరే చెప్పండి: వచ్చినవాళ్లు ముందు తమ పేరు, వరస తామే చెప్పుకోవాలి అని. "నీకు తెలుసని నాకు తెలుసు నాన్నా, మాటే అందట్లేదు" అన్న ఒక్క మాట ఆయన కోపాన్ని సగం దించుతుంది.

రాసి చూపించమనడం ఎందుకు కుదరదంటే, మాట వెతికే పనే దెబ్బతిన్నప్పుడు నోరైనా చెయ్యైనా ఒకటే, రాతా పోతుంది. బొమ్మ గీయమంటే కొందరు గీస్తారు, అది అడగండి.

5. రాగంతో లాగడం

మాట రాని మనిషి భజనలో గొంతు కలుపుతాడు, ఒకటి నుంచి పది దాకా లెక్కపెడతాడు, కోపమొస్తే తిట్టు స్పష్టంగా వస్తుంది. "పాడతాడు, తిడతాడు, మాట్లాడడు, అంతా నాటకం" అనేస్తారు. నాటకం కాదు. నోటికి అలవాటైన వరసలు మెదడులో వేరే దారిన వస్తాయి. ఆ దారిని వాడుకోండి.

ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని ఒక్కో అక్షరానికీ బల్ల మీద తట్టించండి. "నీ-ళ్లు-కా-వా-ల" అని రెండే స్వరాల్లో, ముఖ్యమైన చోట పైకి, మిగతాది కిందికి. ముందు మాట లేకుండా రాగం తీయండి. తర్వాత కలిసి పాడండి. సగంలో మీరు ఆగిపోండి, ఆయన పూర్తి చేయాలి. తర్వాత మీరు పాడితే ఆయన తిరిగి పాడాలి. చివర "ఏం కావాల?" అని మామూలుగా అడగండి. కొత్త పాటలు నేర్పకండి, భజన చేయిస్తే మాటలొచ్చేస్తాయనీ అనుకోకండి. కావలసిన ఐదు వాక్యాలే రాగంలో పెట్టాలి, రోజులు గడిచేకొద్దీ రాగం తగ్గించుకుంటూ రావాలి. ఈ పద్ధతి అర్థం బాగా అవుతూ మాట రానివాళ్లకి. అర్థం కానివాళ్లకి కాదు.

6. మరుపుకి చేయాల్సింది

సాధనకి ముందు ఒక విడత రక్తపరీక్షలు చేయించండి: థైరాయిడ్, బీ12, సోడియం, క్రియాటినిన్, షుగర్. వీటిలో తేడా ఉంటే, దానికి మందు వాడితే మరుపు తగ్గే అవకాశం ఉంది. వేసుకుంటున్న మందులన్నీ సంచిలో పట్టుకెళ్లండి. జలుబు బిళ్లల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, నిద్రకీ నొప్పికీ వాడే అమిట్రిప్టిలిన్, వణుకుకి ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ పెద్దవాళ్లలో మరుపు పెంచుతాయి. మీ అంతట మీరు ఆపకండి, అడగండి. సారా బాగా తాగే మనిషి తూలుతూ, అయోమయంగా, కళ్లు సరిగా తిరగకుండా ఉంటే తాగుడు సంగతి దాచొద్దు. థయమిన్ ఇంజెక్షన్ వెంటనే పడాలి, ఆలస్యమైతే కొత్త సంగతులు గుర్తుంచుకునే శక్తి శాశ్వతంగా పోవచ్చు.

సాధన ఒకేసారి ఒక్క సంగతికే. పనికొచ్చేది ఎంచుకోండి. "మందులెక్కడుంటాయి?" "గూట్లో ఎర్ర డబ్బాలో." ముందు జవాబు మీరే చెప్పి వెంటనే అడగండి. తర్వాత 15 సెకన్లకి, 30 సెకన్లకి, 1 నిమిషానికి, 2కి, 4కి, 8కి, 16కి అడగండి. మధ్యలో కూరలు తరుగుతూ వేరే కబుర్లు చెప్పండి. తప్పు చెప్తే "ఆలోచించు, గుర్తు తెచ్చుకో" అనకండి. వెంటనే సరైన జవాబు చెప్పి మరుపున్న అమ్మచేత అనిపించి, అంతకుముందు నెగ్గిన వ్యవధికి వెనక్కి వెళ్లండి. ఊహించి తప్పు చెప్పనిస్తే ఆ తప్పే గట్టిపడుతుంది, మరుపు మనిషికి ఏది తప్పో గుర్తుండదు కాబట్టి. ప్రశ్న మాట మారకూడదు. కోడలు "మందులెక్కడ?" అని, కొడుకు "డబ్బా ఏదే?" అని అడిగితే రెండు వేరు పాఠాలవుతాయి. వరసగా మూడు రోజులు పొద్దున్నే మొదటిసారి అడగగానే చెప్పి, చేత్తో తీసి చూపించిందంటే పట్టుబడినట్టు. చెప్పి తీయలేకపోతే, ప్రతిసారీ డబ్బా దగ్గరికి నడిపించి చేయించండి.

అడిగిందే అడగడానికి: గోడకి నల్లబోర్డు కట్టి ఈ రోజు వారం, ఎవరెక్కడికి వెళ్లారు, ఎప్పుడొస్తారు రాయండి. "చెప్పాను కదమ్మా" అనకుండా బోర్డు చూపించండి. చదువు రాకపోతే ఫోటోలు అంటించండి. సొంతింట్లోనే కూర్చుని "మా ఇంటికెళ్తా" అంటే ఇది మీ ఇల్లేనని వాదించకండి, "మీ ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?" అని కబుర్లలోకి దింపండి. అప్పుడు ఒంటికి వెళ్లాల్సి ఉందో, ఆకలేస్తోందో కూడా చూడండి.

రాత్రి గ్యాసు రెగ్యులేటరు కట్టేయండి, బావి మీద మూత ఉంచండి. జేబులో గానీ చీర కొంగుకి గానీ పేరు, ఊరు, మీ ఫోన్ నంబరున్న కార్డు ఎప్పుడూ ఉండాలి. సిరిమాను రోజున విజయనగరంలోకి, రథసప్తమికి అరసవల్లికి తీసుకెళ్లక తప్పకపోతే చెయ్యి వదలని మనిషి ఒకరు విడిగా ఉండాలి. తప్పిపోతే 112కి ఫోన్ చేయండి, సాయంత్రం దాకా మీరే వెతుకుతూ కూర్చోకండి. పెద్దవాళ్లకి సాయం గురించి 14567 ఉంది.

7. ఫలితం ఎలా చూడాలి

"కాస్త నయమే" అన్నది కొలత కాదు. సాధన మొదలెట్టేముందే 20 మాటలు రాసుకోండి. పది చేయించేవి, పది ముట్టుకోనివి. రెండు వారాలకోసారి, ఒకే వేళకి, మొత్తం 20 చూపించి మెట్టు 0లో గానీ 1లో గానీ వచ్చినవి లెక్కపెట్టండి.

చేయించినవి పెరిగి మిగతావి అలాగే ఉంటే సాధన పనిచేస్తోంది. చాలామందిలో ఇంతే జరుగుతుంది, చేయించిన మాటలే వస్తాయి. అందుకే మాటలు ఎంచుకునేటప్పుడు జాగ్రత్త పడమన్నది. రెండూ పెరిగితే మెదడు తనంతట కోలుకోవడం కూడా కలిసింది. నాలుగు వారాలకీ రెండూ కదలకపోతే మాటలు ఐదుకి తగ్గించండి, చెవి మళ్లీ చూడండి, మనసు చూడండి. పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు మూడో వంతు మంది కుంగుబాటులో పడతారు. మాట లేని మనిషి దిగులు చెప్పుకోలేడు, తిండి మానేయడం, గోడ వైపు తిరిగి పడుకోవడమే గుర్తులు. దానికి మందులున్నాయి. మనసు బాగోనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు 14416కి ఇంట్లోవాళ్లు ఫోన్ చేసి మాట్లాడొచ్చు. వచ్చిన మాటలు ఉన్నట్టుండి తగ్గితే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి.

నెలకోసారి ఒకే ఫోటో చూపించి ఒక నిమిషం వీడియో తీసి దాచండి. స్పీచ్ థెరపిస్టు దగ్గరికి నెలకోసారే వెళ్లగలిగేవాళ్లకి ఈ వీడియో, మెట్ల అంకెల నోటుబుక్కు చాలా పనికొస్తాయి. విశాఖ కేజీహెచ్‌కో ఇంకో పెద్దాసుపత్రికో వెళ్లినప్పుడు గది కొత్త, మనిషి అలిసి ఉంటాడు, అక్కడ ఒక్క మాటా రాకపోవచ్చు. వెళ్లేముందు ఫోన్ చేసి స్పీచ్ థెరపిస్టు ఏ రోజు కూర్చుంటారో అడగండి. వెళ్లాక ఈ మూడూ అడిగి రాసుకోండి: ఏ రకం లోపం, ఈ నెల ఏ పది మాటలు, ఏ మెట్టు నుంచి మొదలుపెట్టాలి. చేయించేది ఒకసారి మీ ముందే చేసి చూపించమనండి, మీరు చేస్తుంటే ఆవిడనో ఆయననో చూడమనండి.

మాట లోపం శాశ్వతమని తేలితే 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మాట, భాష వైకల్యం కింద ఇది వస్తుంది. 40 శాతం గానీ ఆ పైన గానీ ఉంటే సర్టిఫికెట్టుతో ప్రయోజనాలు అందుతాయి. ఆ సర్టిఫికెట్టు కోసం పరీక్ష చేసే సదరం శిబిరానికి స్లాటు సచివాలయంలో అడగండి. డిశ్చార్జి కాగితం, స్కాన్ రిపోర్టు, ఆధార్ పట్టుకెళ్లండి. చెయ్యీ కాలూ పడిపోవడం ఒక్కటే రాయించుకుని వచ్చేస్తుంటారు. మాట సంగతి కూడా విడిగా పరీక్ష చేసి రాయమని అక్కడే అడగండి.